డేటాబేస్ ఫైలును ఎవరు తెరుస్తారు?

ఏళ్ల తరబడి ఫాక్స్‌ప్రో, మైక్రోసాఫ్ట్ యాక్సెస్ వంటి డెస్క్‌టాప్ డేటాబేస్‌లలో లెక్కలు నడుపుకుంటున్న సంస్థ ఒరాకిల్, ఎస్‌క్యూఎల్ సర్వర్, పోస్ట్‌గ్రెస్ వంటి సర్వర్ డేటాబేస్‌కు మారాలా వద్దా అని ఆలోచించడం మొదలుపెట్టగానే, అందరికంటే ముందు లెక్కకు వచ్చేది తమ డేటా ఎన్ని జీబీలు ఉందన్న విషయం. చిన్న డేటాకు చిన్న డేటాబేస్, పెద్ద డేటాకు పెద్ద డేటాబేస్ అన్న అవగాహన అంతగా స్థిరపడిపోయింది. లెక్క వేసి చూస్తే అది నిలబడదు. యాక్సెస్ ఫైలుకు 2 జీబీ పరిమితి ఉంది. ఫాక్స్‌ప్రోలో అదే పరిమితి ఒక్కొక్క టేబుల్‌కు విడివిడిగా వర్తిస్తుంది. బిల్లులో ఒక్కో వరుసకు 200 బైట్లు పడతాయనుకుంటే 2 జీబీలో కోటికి పైగా వరుసలు ఇముడుతాయి. రోజుకు వెయ్యి వరుసలు రాసే వ్యాపారానికి ఆ చోటు నిండడానికి పాతికేళ్లకు పైనే పడుతుంది. రికార్డులను త్వరగా వెతికిపెట్టే సూచికలైన ఇండెక్సులకు సగం చోటు పోయిందనుకున్నా, పరిమితి ఎదురయ్యేలోపు కంప్యూటర్లే నాలుగుసార్లు మారిపోతాయి. కానీ డెస్క్‌టాప్ డేటాబేస్‌తో ఇబ్బంది పడే సంస్థలు అంతకాలం ఆగి ఇబ్బంది పడడం లేదు. ఫైలు 100 ఎంబీ కూడా దాటకముందే ఇండెక్సులు చెడిపోవడం, స్టాకు లెక్క తప్పడం, సాయంత్రం వేళ నివేదికలు కదలకపోవడం మొదలవుతాయి.

ఈ రెండు రకాల మధ్య తేడా మరొకచోట ఉంది. డేటా ఉన్న ఫైలును ఎవరు తెరుస్తారు, ఎవరు అందులో రాస్తారు అన్నదే ఆ తేడా. యాక్సెస్, ఫాక్స్‌ప్రో, డీబేస్ వంటి వాటిలో ఫైలు ఒక ఉమ్మడి ఫోల్డర్‌లో ఉంటుంది. ఐదుగురు పనిచేస్తుంటే ఐదు కంప్యూటర్లలోని ఐదు ప్రోగ్రాములు ఆ ఫైలును నేరుగా తెరిచి, చదివి, మార్చి, తిరిగి రాస్తాయి. ఒరాకిల్, డీబీ2, ఎస్‌క్యూఎల్ సర్వర్, పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్ వంటి వాటిలో డేటా ఫైళ్ల మీద చేయి వేసే అధికారం సర్వర్‌లో నడిచే డేటాబేస్ ఇంజన్‌కు తప్ప మరెవరికీ ఉండదు. వినియోగదారుల ప్రోగ్రాములు తమకు కావలసింది డేటాబేస్‌ను అడిగే భాష అయిన ఎస్‌క్యూఎల్‌లో ఒక వాక్యంగా పంపి, జవాబు తీసుకుంటాయి. గోడౌన్‌లోకి ఎవరికివారు వెళ్లి సరుకు తెచ్చుకోవడానికీ, కౌంటర్ దగ్గర స్టోర్‌కీపర్‌కు చీటీ ఇచ్చి తెప్పించుకోవడానికీ ఎంత తేడా ఉందో వీటి మధ్యా అంతే ఉంది. లాకింగ్ (ఒకరు మారుస్తున్న రికార్డును మరొకరు మార్చకుండా ఆపడం), కరెంటు పోయినప్పుడు కోలుకోవడం, వేగం, అనుమతులు, బ్యాకప్ వంటి మిగిలిన తేడాలన్నీ దాదాపుగా ఈ ఒక్క ఏర్పాటు నుంచే పుడతాయి.

ఈ రెండు ఏర్పాట్లూ రెండు వేరువేరు అవసరాల నుంచి వచ్చాయి. ఐబీఎంలో పనిచేస్తున్న ఎడ్గర్ కాడ్ 1970లో డేటాను పట్టికలుగా అమర్చే రిలేషనల్ నమూనాను ప్రతిపాదించినప్పుడు, ఆయన దృష్టిలో ఉన్నవి అనేకమంది ఉమ్మడిగా వాడుకునే పెద్ద డేటా నిల్వలు. ఆ నమూనా మీద ఐబీఎం శాన్‌హోసే ప్రయోగశాలలో సిస్టమ్ ఆర్, బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో ఇన్‌గ్రెస్ అనే డేటాబేస్‌లు తయారయ్యాయి. 1979లో ఒరాకిల్, 1983లో డీబీ2 మార్కెట్‌లోకి వచ్చాయి. అవి పుట్టిన కాలంలో కంప్యూటర్ ఒక్కటే ఉండేది, దానికి టెర్మినళ్లు అనేకం ఉండేవి. కాబట్టి ఒకే సమయంలో అనేకమంది రాయడం అన్నది ఆ వ్యవస్థలు మొదటి రోజు నుంచీ ఎదుర్కొన్న సమస్య. డీబేస్ కథ దీనికి పూర్తిగా తలకిందులు. కాలిఫోర్నియాలోని జెట్ ప్రొపల్షన్ ల్యాబొరేటరీలో పనిచేసే వేన్ రాట్‌లిఫ్ తన సొంత మైక్రోకంప్యూటర్ కోసం రాసుకున్న ప్రోగ్రామును ఆష్టన్-టేట్ సంస్థ డీబేస్ 2 పేరుతో అమ్మింది. ఒక మనిషి, ఒక యంత్రం, ఒక ఫైలు ఉన్నచోట కాపలాదారు అవసరం లేదు. ఆ తర్వాత ఆఫీసుల్లో కంప్యూటర్లను కలిపే లాన్ వచ్చి అదే ఫైలును పదిమంది తెరవవలసి వచ్చినప్పుడు, లాకింగ్ సదుపాయాన్ని పైనుంచి అతికించారు. 1990లలో మన పట్టణాల్లోని కంప్యూటర్ శిక్షణ కేంద్రాలు డీబేస్, ఫాక్స్‌ప్రో నేర్పి వేలమందిని తయారుచేశాయి. వారు రాసిన బిల్లింగ్, జీతాల ప్రోగ్రాములు చాలా చోట్ల చక్కగా పనిచేశాయి. ఆ పనిని తక్కువ చేసి చూడడం న్యాయం కాదు. ఆ పనిముట్టు ఏ పరిస్థితి కోసం తయారైందో ఆ పరిస్థితి దాటిపోయిన చోటే చిక్కు వచ్చింది.

ఆ చిక్కును దగ్గరగా చూడడానికి విజయవాడలో ఒక మందుల హోల్‌సేల్ ఏజెన్సీ ఉందనుకుందాం. ఒక బ్యాచ్‌లో 40 పెట్టెలు మిగిలాయి. మొదటి కౌంటర్‌లో గుమాస్తా 30 పెట్టెలకు బిల్లు మొదలుపెట్టాడు. అదే క్షణంలో మూడో కౌంటర్‌లో మరొకరు 25 పెట్టెలకు బిల్లు మొదలుపెట్టారు. రెండు ప్రోగ్రాములూ స్టాకు రికార్డును చదివాయి. రెండింటికీ 40 అనే కనిపించింది. మొదటి ప్రోగ్రాము 40 నుంచి 30 తీసి 10 అని రాసింది. మూడో కౌంటర్ ప్రోగ్రాము తన దగ్గరున్న 40 నుంచి 25 తీసి 15 అని దాని మీదే రాసింది. రెండు బిల్లులూ అచ్చయ్యాయి. 55 పెట్టెలు అమ్ముడైనట్లు కాగితాలు చెబుతున్నాయి. కంప్యూటర్‌లో ఇంకా 15 ఉన్నాయి. ఎక్కడా ఎర్రర్ రాలేదు. ఈ తప్పు నెలాఖరున స్టాకు సరిచూసినప్పుడు తప్ప బయటపడదు, అప్పటికి కారణం ఎవరికీ దొరకదు.

ఫాక్స్‌ప్రోలో రికార్డును లాక్ చేసే ఆదేశం ఉంది. ప్రోగ్రామర్ దాన్ని ప్రతిచోటా గుర్తుపెట్టుకుని వాడితే ఈ తప్పు జరగదు. కానీ ఆ క్రమశిక్షణ పూర్తిగా ప్రోగ్రామర్ మీదే ఆధారపడి ఉంటుంది. పదేళ్ల తర్వాత వేరొకరు వచ్చి రాసిన చిన్న దిద్దుబాటు ప్రోగ్రాములో ఆ ఒక్క లైను మరిచిపోతే, మిగిలినవారంతా పాటించిన నియమం వృథా అవుతుంది. సర్వర్ డేటాబేస్‌లో ఇదే పనిని "స్టాకు 25 కంటే తక్కువ కాకపోతే, ఉన్నదానిలో నుంచి 25 తగ్గించు" అనే ఒకే అప్‌డేట్ వాక్యంగా పంపవచ్చు. మొదటి కౌంటర్ లావాదేవీ, అంటే కలిసి ఒకే పనిగా జరగవలసిన మార్పులు, పూర్తయ్యేవరకు ఇంజన్ రెండోదాన్ని ఆ వరుస దగ్గర ఆపుతుంది. అది పూర్తయ్యాక షరతును కొత్త విలువతో మళ్లీ పరిశీలిస్తుంది. 10 మాత్రమే మిగిలాయి కాబట్టి ఒక్క వరుస కూడా మారలేదని ప్రోగ్రాముకు తెలియజేస్తుంది. స్టాకు సున్నా కంటే తగ్గకూడదన్న నిబంధనను టేబుల్‌లోనే రాసి ఉంచితే, ఏ ప్రోగ్రాము నుంచి వచ్చినా, నేరుగా ఎవరైనా ఆదేశం టైపు చేసినా, ఇంజన్ దాన్ని తోసిపుచ్చుతుంది. యాక్సెస్‌లోనూ ఇటువంటి నిబంధన పెట్టుకోవచ్చు. మన ఉదాహరణలో మాత్రం అది అక్కరకు రాదు, ఎందుకంటే అక్కడ రాసిన 15 అనే అంకె చూడడానికి సక్రమంగానే ఉంది.

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పనిసరి. పెద్ద డేటాబేస్ కొన్నంత మాత్రాన ఈ జబ్బు నయం కాదు. పాత ప్రోగ్రామును యథాతథంగా పోస్ట్‌గ్రెస్ మీదికో ఒరాకిల్ మీదికో మార్చి, మొదట స్టాకు చదివి, ప్రోగ్రాములో తీసివేత చేసి, వచ్చిన అంకెను తిరిగి రాసే పద్ధతినే కొనసాగిస్తే, ఆ రెండు వ్యవస్థల మామూలు సెట్టింగులలోనూ 55 పెట్టెలు అమ్ముడవుతాయి. చదివేటప్పుడే ఆ వరుసను తన కోసం పట్టి ఉంచమని అడగాలి, లేదా తీసివేతను డేటాబేస్‌కే వదిలిపెట్టాలి. లక్షలు పెట్టి సర్వర్ తెచ్చుకున్న తర్వాత కూడా స్టాకు తప్పుతోందని వాపోయే చోట్ల, తప్పు చాలా సందర్భాల్లో ఈ పద్ధతిలోనే దొరుకుతుంది.

రెండో పెద్ద తేడా కరెంటు పోయినప్పుడు తెలుస్తుంది. డీబేస్, ఫాక్స్‌ప్రోలలో టేబుల్ ఉండే డీబీఎఫ్ ఫైలు నిర్మాణం చాలా సరళమైనది. ఫైలు మొదట్లో ఒక హెడర్ ఉంటుంది. అందులో మొత్తం ఎన్ని రికార్డులు ఉన్నాయో ఒక సంఖ్య రాసి ఉంటుంది. ఆ తర్వాత సమానమైన పొడవున్న రికార్డులు వరుసగా ఉంటాయి. కొత్త రికార్డు చేర్చాలంటే ఫైలు చివర ఆ రికార్డు రాయాలి, హెడర్‌లో సంఖ్యను ఒకటి పెంచాలి, విడిగా ఉన్న ఇండెక్స్ ఫైలులో కూడా నమోదు చేయాలి. ఈ మూడు పనుల మధ్యలో ఎక్కడ కరెంటు పోయినా, నెట్‌వర్క్ కేబుల్ ఊడినా, ఒక గుమాస్తా కంప్యూటర్‌ను నేరుగా స్విచ్ ఆపేసినా, ఫైలు తనలో తానే విభేదిస్తుంది. రికార్డులు 5,001 ఉండి హెడర్ 5,000 అంటుంది. లేదా రికార్డు ఉంటుంది గానీ ఇండెక్స్ ద్వారా వెతికితే కనిపించదు. ఉదయాన్నే అందరినీ బయటికి రమ్మని రీఇండెక్స్ చేయడం, యాక్సెస్‌లో కాంపాక్ట్ అండ్ రిపేర్ నడపడం అన్న అలవాటు ఇందువల్లనే ఏర్పడింది. ఐదు కంప్యూటర్లు ఫైలులో రాస్తున్నాయంటే, ఆ ఐదింటిలో ఏ ఒక్కటి మధ్యలో ఆగిపోయినా ఫైలు దెబ్బతినే అవకాశం ఉన్నట్లే. సర్వర్‌కు ఒక్కదానికి యూపీఎస్ పెడితే చాలదు.

సర్వర్ డేటాబేస్ ఈ సమస్యను లాగ్ ద్వారా ఎదుర్కొంటుంది. నా దృష్టిలో ఈ విషయం మొత్తంలో అన్నిటికంటే అందమైన ఆలోచన ఇదే. ఏ మార్పునైనా అసలు డేటా ఫైలులో రాయడానికి ముందు, ఏమి మార్చబోతున్నదీ ఇంజన్ ఒక లాగ్ ఫైలులో వరుసగా రాసుకుంటుంది. లావాదేవీ ముగిసిందని ప్రోగ్రాము కమిట్ చెప్పినప్పుడు, ఆ లాగ్ రాతలు నిజంగా డిస్కు మీదికి చేరాయని నిర్ధారించుకున్న తర్వాతే ఇంజన్ సరేనంటుంది. అసలు డేటా ఫైలు ఆ తర్వాత తీరికగా మారుతుంది. మధ్యలో కరెంటు పోతే, తిరిగి లేచినప్పుడు ఇంజన్ చివరి చెక్‌పాయింట్ (అప్పటివరకు మార్పులన్నీ డేటా ఫైలులోకి చేరాయన్న గుర్తు) నుంచి లాగ్‌ను చదువుకుంటూ వచ్చి, కమిట్ అయినవాటిని డేటా ఫైలులోకి ఎక్కిస్తుంది. సగంలో ఆగినవి ఎవరి కంటికీ ఆనకుండా చేస్తుంది. బిల్లు ఎక్కి స్టాకు తగ్గకపోవడం, స్టాకు తగ్గి బిల్లు లేకపోవడం అనే సగం స్థితి మిగలదు. లావాదేవీకి ఉండవలసిన ఈ లక్షణాలను కంప్యూటర్ శాస్త్రవేత్త జిమ్ గ్రే సిద్ధాంతంగా రూపొందించగా, వాటికి యాసిడ్ అన్న పొట్టి పేరు 1983లో థియో హార్డర్, ఆండ్రియాస్ రాయిటర్ పెట్టారు. విజువల్ ఫాక్స్‌ప్రోలోనూ, యాక్సెస్‌లోనూ లావాదేవీ ఆదేశాలు ఉన్నాయి. కానీ ప్రమాదం తర్వాత చదివి కోలుకోవడానికి ఇటువంటి లాగ్ లేదు కాబట్టి, తుది రాత జరుగుతున్న క్షణంలో యంత్రం ఆగితే అవి కాపాడలేవు.

ఆ లాగ్ వల్ల మరొక లాభం ఉంది, అది కరెంటు కంటే మనుషుల పొరపాట్ల దగ్గర ఎక్కువగా పనికొస్తుంది. ఆదివారం రాత్రి తీసిన పూర్తి బ్యాకప్, ఆ తర్వాతి లాగ్ ఫైళ్లు భద్రంగా ఉంటే, బుధవారం మధ్యాహ్నం 3 గంటల 10 నిమిషాలకు ఎవరో ఖాతాదారుల టేబుల్‌ను తుడిచేశారని తెలిసినప్పుడు, డేటాబేస్‌ను 3 గంటల 9 నిమిషాల స్థితికి తీసుకురావచ్చు. డెస్క్‌టాప్ ఫైలుకు ఉన్న బ్యాకప్ అంటే ఫైలును కాపీ చేసుకోవడమే. అందరూ బయటికి వచ్చాక కాపీ తీస్తే అది సరైనదే. పని నడుస్తుండగా తీస్తే సగం రాత కూడా కాపీలోకి వచ్చే ప్రమాదం ఉంది.

నెట్‌వర్క్ సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. డెస్క్‌టాప్ డేటాబేస్ ప్రతి ప్రశ్నకూ ఫైలు మొత్తాన్ని లాన్ మీద లాగుతుందని చాలామంది అంటారు. అది పూర్తిగా నిజం కాదు. సరైన ఇండెక్స్ ఉంటే ఫాక్స్‌ప్రో, యాక్సెస్ రెండూ ఇండెక్స్‌లోని కొన్ని భాగాలను, కావలసిన రికార్డులను మాత్రమే తెప్పించుకుంటాయి. ఇండెక్స్ పనికిరాని ప్రశ్న వచ్చినప్పుడు మాత్రం టేబుల్ అంతా గుమాస్తా కంప్యూటర్‌కు ప్రయాణం చేయవలసిందే, ఎందుకంటే వడపోత జరిగేది అక్కడే. ఒకే గదిలో వైరు మీద ఇది నెట్టుకొస్తుంది. వైఫై మీద, అంతకంటే ముఖ్యంగా గుంటూరు శాఖ నుంచి విజయవాడ ఫైలును ఇంటర్నెట్ ద్వారా తెరవాలనుకున్నప్పుడు, ఇది నెమ్మది సమస్యగా మొదలై ఫైలు చెడిపోయే సమస్యగా మారుతుంది. రెండు ఊళ్ల నుంచి ఒకే డేటాలో రాయవలసిన రోజు వస్తే సర్వర్ డేటాబేస్‌కు మారాలన్నది నా నిశ్చితాభిప్రాయం.

అనుమతుల విషయంలో తేడా ఇంకా సూటిగా ఉంటుంది. ప్రతి కంప్యూటరూ ఫైలులో రాయగలగాలంటే ప్రతి ఒక్కరికీ ఆ ఫోల్డర్‌లో రాసే హక్కు ఇవ్వాలి. రాసే హక్కు ఉన్నవారు ఆ ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోగలరు, తొలగించనూగలరు. ప్రోగ్రాములో పెట్టిన పాస్‌వర్డ్ ప్రోగ్రాము ద్వారా వచ్చేవారినే ఆపుతుంది. సర్వర్‌లో జీతాల టేబుల్‌ను ఒక్కరికే చూపించవచ్చు, బిల్లు గుమాస్తాకు చేర్చే హక్కు ఇచ్చి తొలగించే హక్కు ఇవ్వకుండా ఉండవచ్చు, ఎవరు ఎప్పుడు ఏమి మార్చారో నమోదు చేయించవచ్చు. ప్రజల ఆస్తి పత్రాల వంటివి ఇటువంటి ఏర్పాటు లేకుండా నడవవు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1998లో రిజిస్ట్రేషన్ కార్యాలయాలను కంప్యూటరీకరించిన కార్డ్ పథకం మోసిన బాధ్యత అటువంటిది. రైల్వే రిజర్వేషన్ మరో రకమైన ఉదాహరణ: ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నైలతో పాటు సికింద్రాబాద్‌లోనూ కేంద్రాలు ఏర్పరచి నిర్మించిన ఆ వ్యవస్థలో, ఏసీ తరగతుల తత్కాల్ ఉదయం 10 గంటలకు తెరుచుకున్న నిమిషంలో దేశమంతటి నుంచి వచ్చేవారు కొద్దిపాటి బెర్తుల కోసమే పోటీపడతారు. మందుల ఏజెన్సీలోని 40 పెట్టెల సమస్యే అక్కడ లక్షల రెట్లు పెరిగి కనిపిస్తుంది.

ఇంతవరకు చదివినవారికి చిన్నదంటే బలహీనమైనదన్న భావన కలిగి ఉండవచ్చు. ఆ భావనను ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ చెరిపేస్తుంది. అమెరికా నౌకాదళ యుద్ధనౌక కోసం సాఫ్ట్‌వేర్ రాస్తున్న రిచర్డ్ హిప్, డేటాబేస్ సర్వర్ అందుబాటులో లేనప్పుడల్లా తన ప్రోగ్రాము కూడా ఆగిపోవలసి రావడం చూసి, సర్వర్ అవసరమే లేని ఇంజన్‌ను 2000లో విడుదల చేశాడు. నేడు ప్రతి ఆండ్రాయిడ్ ఫోనులోనూ, ప్రతి ఐఫోనులోనూ అది పనిచేస్తోంది. అది కూడా ఒకే ఫైలు. అయినా లావాదేవీలు పూర్తి స్థాయిలో ఉన్నాయి, మధ్యలో కరెంటు పోయినా కోలుకుంటుంది, 2010 నుంచి పెద్ద డేటాబేస్‌ల తరహాలో లాగ్ ముందుగా రాసే పద్ధతి కూడా అందులో ఉంది. సిద్ధాంతపరంగా దాని ఫైలు 281 టెరాబైట్ల వరకు పెరగవచ్చు. అంటే కోలుకునే శక్తికి భారీ సర్వర్ తప్పనిసరి కాదు, పరిమాణానికీ తప్పనిసరి కాదు. అయినా ఎస్‌క్యూలైట్‌లో ఒక సమయంలో ఒక్కరే రాయగలరు. ఫైలును నెట్‌వర్క్ ఫోల్డర్‌లో ఉంచి పలు కంప్యూటర్ల నుంచి తెరవవద్దని దాని నిర్మాతలే సలహా ఇస్తారు, ఎందుకంటే నెట్‌వర్క్ ఫైలు వ్యవస్థల లాకింగ్ నమ్మదగినది కాదు. ఎంత చక్కగా రాసిన ఇంజన్‌కైనా, ఫైలును ఎవరికివారు తెరిచే ఏర్పాటులో ఉన్న హద్దు మారదని దీన్నిబట్టి అర్థమవుతుంది.

కాబట్టి ఒకే కంప్యూటర్‌లో ఒకరు రాసుకునే లెక్కలకు, ఒక పరిశోధకుడి సర్వే వివరాలకు, ఒక ఊరి గ్రంథాలయ పుస్తకాల జాబితాకు సర్వర్ డేటాబేస్ పెట్టడం అనవసర భారం. పోస్ట్‌గ్రెస్‌కు లైసెన్సు రుసుము లేదు, కానీ నిర్వహణ ఉచితం కాదు: భద్రతా సవరణలు వేయాలి, డిస్కు నిండకుండా చూడాలి, పాత లాగ్‌లను కనిపెట్టుకుని ఉండాలి, బ్యాకప్ నుంచి నిజంగా తిరిగి తేగలమో లేదో అప్పుడప్పుడు పరీక్షించాలి. ఒరాకిల్ ఎంటర్‌ప్రైజ్ లైసెన్సు ప్రాసెసర్ కోర్ల లెక్కన ఉంటుంది, దానికి తోడు డేటాబేస్‌ను చూసుకునే నిపుణుడు (డీబీఏ) కావాలి. చూసుకునేవారు లేని సర్వర్ డేటాబేస్ కంటే, ప్రతి సాయంత్రం శ్రద్ధగా కాపీ తీసే యాక్సెస్ ఫైలే ఆ సంస్థకు క్షేమమని నేను గట్టిగా నమ్ముతాను. అసలు డేటాబేసే కాని ఎక్సెల్‌ను డేటాబేస్‌గా వాడడం మాత్రం వేరే ప్రమాదం. 2020లో ఇంగ్లండ్ ప్రజారోగ్య సంస్థ పాత ఎక్సెల్ ఫార్మాట్‌ను మధ్యలో వాడడం వల్ల, 65,536 వరుసల పరిమితి దాటినవి రాలిపోయి, 15,841 కోవిడ్ కేసులు లెక్కలోకి ఆలస్యంగా చేరాయి. నింపేటప్పుడు ఏ ఎర్రరూ ఇవ్వకుండా వదిలేసే పనిముట్టుకు ఇంతటి బాధ్యత అప్పగించకూడదు.

మారాలని నిర్ణయించుకున్నవారు అంతా ఒకేసారి మార్చనవసరం లేదు. యాక్సెస్‌లోని ఫారాలను, నివేదికలను అలాగే ఉంచి, టేబుళ్లను మాత్రం ఎస్‌క్యూఎల్ సర్వర్‌లోకో పోస్ట్‌గ్రెస్‌లోకో తరలించి, ప్రోగ్రాములను డేటాబేస్‌లతో కలిపే ఓడీబీసీ ద్వారా జతచేయవచ్చు. గుమాస్తాలకు తెర మీద ఏ మార్పూ కనిపించదు. ఫాక్స్‌ప్రో విషయంలో తొందర కొంత ఎక్కువ, ఎందుకంటే 2004లో వచ్చిన 9వ వెర్షనే దానికి చివరిది, మైక్రోసాఫ్ట్ మద్దతు 2015 జనవరితో ముగిసింది. తరలింపులో సమయం తినేది డేటాను శుభ్రపరచడమే. పాత ఫైళ్లు అంగీకరించిన ఖాళీ తేదీలను, ఒకే ఖాతాదారుకు ఉన్న రెండు సంఖ్యలను, ఏ బిల్లుకూ చెందని వరుసలను కొత్త ఇంజన్ తన నిబంధనల వల్ల తిరస్కరిస్తుంది. ఆ తిరస్కరణలను చూసి నిబంధనలను సడలించడం సులువు. కానీ ఒక్కొక్కదాన్నీ పట్టుకుని నిజం తేల్చడానికి అంతకంటే మంచి అవకాశం మళ్లీ రాదు.

తెలుగు పేర్లను తెలుగు లిపిలోనే నమోదు చేసిన కార్యాలయాలకు ఇంకొక మెట్టు ఉంది. అన్ని లిపుల అక్షరాలకూ విడివిడిగా సంఖ్యలు కేటాయించే యూనికోడ్ ప్రమాణం ఫాక్స్‌ప్రోకు తెలియదు. అందువల్ల అప్పట్లో ఫాంటు ఆధారిత సాఫ్ట్‌వేర్‌తో టైపు చేసిన పేర్లు ఫైలులో ఇంగ్లీషు అక్షరాలు, గుర్తుల కలగాపులగంగా ఉంటాయి. ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్‌లో మాత్రమే తెలుగుగా కనిపిస్తాయి. వాటిని అలాగే కొత్త డేటాబేస్‌లో పోస్తే అకారాది క్రమం రాదు, ఫోనులో తెరిస్తే చదవడానికి రాదు, యూనికోడ్‌లో టైపు చేసి వెతికితే దొరకదు. ముందుగా ఏ టేబుల్‌లో ఏ ఫాంటు వాడారో గుర్తించి, ఆ ఫాంటుకు తగిన మార్పిడి పట్టికతో యూనికోడ్‌లోకి మార్చాలి. ఒత్తులు, గుణింతాలు ఫాంటుల్లో కంటికి కనిపించే వరుసలో ఉంటాయి, యూనికోడ్‌లో ఉచ్చారణ వరుసలో ఉంటాయి కాబట్టి, ఒక గుర్తుకు బదులు ఒక అక్షరం పెట్టుకుంటూ పోతే సరిపోదు. మార్చిన తర్వాత క్లిష్టమైన సంయుక్తాక్షరాలున్న కొన్ని వందల పేర్లను పాత ప్రింటు కాగితాలతో పక్కపక్కన పెట్టి, తెలుగు బాగా చదవగలిగిన మనిషి చేత సరిచూయించాలి. ఆ పరిశీలన పూర్తయ్యేవరకు పాత డీబీఎఫ్ ఫైళ్లను, ఆ ఫాంటుతో సహా, చదవడానికి మాత్రమే వీలున్న ఫోల్డర్‌లో ఉంచాలి.